నేను కుట్టని గుండీ

మర్ఫీ టౌన్‌లో మూడు రోజుల ముసురు
తెరిపిచ్చాక ఇల్లు చేరింది దబ్బనం.
నా పిల్లి. కుట్టుమిషను కిందే పుట్టింది,
ఎంత సన్న సందులోనైనా దూరి
అవతల తేలుతుందని ఆ పేరు.

చెవి వెనక నిమురుతుంటే
వేలికి గుండీ తగిలింది.
బూడిద రంగు, మినపగింజంత,
బెజ్జాలు లేవు.
ముప్పై ఏళ్ళుగా గుండీలు కుడుతున్నాను,
ఇది నేను కుట్టింది కాదు.
కదిపితే తోలు లేచింది.
దానికి కాళ్ళున్నాయి.

పిడుదు.
మా మదనపల్లె వైపు ఎనుముల పొదుగు దగ్గర చూసేవాళ్ళం,
పెద్దమ్మ కిరసనాయిలు గుడ్డతో తుడిచేది,
మామ బీడీ అంటించేవాడు.
నా చెయ్యీ సీసా కోసం గూట్లోకి పోయి ఆగింది.
నాలుకతో ఒళ్ళంతా కడుక్కునే జాతి ఇది,
పైన ఏం పూసినా పోయేది కడుపులోకే.

కింద ఇంటి సెల్వియక్క పరుగున వచ్చింది:
"మా టైగర్ మందు ఒక ట్యూబు మిగిలింది,
సగం పొయ్యి చాలు, పిల్లి ఎంతుంటుంది?"
మంచి మనిషి. ఊరికే ఇస్తోంది.
కత్తెరతో ట్యూబు ముక్కు కోశాను కూడా.
నాకు ఇంగ్లీషు రాదు, కన్నడం కొలతల వరకే.
కానీ పెట్టె వెనక గోరంత బొమ్మ,
పిల్లి తల,
దాని మీద ఎర్రగా అడ్డగీత.
గుడ్డ మీద సుద్దతో నేనూ గీస్తాను అలాంటిది,
ఇక్కడ కొయ్యకు అని.

కత్తెర కింద పెట్టాను.

ఆస్పత్రిలో డాక్టర్ బొళ్ళమ్మ ఆ ట్యూబు చూసి
కాసేపు మాట్లాడలేదు.
"కుక్కకి మందే. దీనికి విషం.
వణికి వణికి పోయేది."
సన్న పట్టకారు తోలుకు ఆనించి
మెలి తిప్పకుండా, నొక్కకుండా,
టాకా దారం లాగినట్టు తిన్నగా లాగింది.
తలతో సహా వచ్చింది.
స్పిరిట్ సీసాలో కూడా కాళ్ళాడిస్తోంది.
పెదవి ఎత్తి చిగుళ్ళు చూపించింది:
"ఈ రంగు గుర్తు పెట్టుకో. పాలిపోయినా,
ఒళ్ళు కాలినా, తిండి ముట్టకపోయినా
రాత్రి అని చూడకుండా తీసుకురా.
పురుగు పోయినా దాని ఎంగిలి నెత్తుట్లో మిగలొచ్చు."
రంగు గుర్తు పెట్టుకోవడం నాకు నేర్పాలా,
దారం మ్యాచింగులోనే జుట్టు నెరిసింది.

అప్పట్నించీ అద్దె కట్టే రోజే దీని మందు రోజు.
బరువు తూచి ఇచ్చిన పిల్లి మందు,
మెడ వెనక పాయ తీసి, నాలుక అందని చోట.
కూనగా ఉన్నప్పుడు తల్లి నోట కరిచి
ఇల్లంతా తిప్పిందీ ఆ చోటు పట్టుకునే.
అందుకేనేమో, వేలు ఆనగానే
ఒక్క క్షణం కాళ్ళు ముడిచి బొమ్మయిపోతుంది.
ఆ తర్వాత కోపం.

రాత్రి, ఆఖరి హెమ్మింగు అయ్యాక
దాని ఒంటి మీద వేళ్ళు నడుపుతాను:
చెవులు, గదవ కింద, చంకలు, వేళ్ళ సందులు.
లోపలి కుట్టు ఎవరూ చూడరు,
జాకెట్టు పిగిలేది అక్కడే.

సెల్వియక్క ఆ బొమ్మను కళ్ళజోడు పెట్టుకుని చూసింది.
"ఇంత చిన్నగానా వేసేది, పాపిష్టోళ్ళు!"
ఆమె గూట్లో ఉన్న పెట్టెలన్నిటి మీదా
నా ఎర్ర సుద్దతో పెద్దగా గీసిచ్చాను.

ఇవాళ మళ్ళీ ఒకటో తారీకు.
దబ్బనం అలిగి మిషను పెడలు మీద పడుకుంది.
సాయంత్రానికి పదకొండు జాకెట్లు ఇవ్వాలి.
కాలు ఎక్కడ పెట్టను?