తస్తీకు

ఒకటో తేదీ. కోళ్ళింకా కూస్తానే ఉంటాయి.
మిషను సంచిలో వేసుకొని
ముందు కోటోళ్ళ ఇంటికే పోతాను.
కోట లేదు, పేరు మటుకు ఉంది.
ఉత్తరం బురుజు సగం
ముద్దనూరు రోడ్డు కింద కంకరైంది,
మిగతా సగం మీద
ఎవరో చీర ఆరేసినారు.

కొండప నాయనివారికి ఎనభై ఎనిమిదేళ్ళు.
నాపరాతి అరుగు మీద కాళ్ళు చాపుకొని
"తలారోళ్ళ పిల్లవా? రా" అంటాడు.
నాకు పేరుంది. గుర్రమ్మ.
సచివాలయం బోర్డు మీద కూడా రాసినారు.
నెలనెలా చెప్తాను, నెలనెలా మరుస్తాడు.
అది మరుపు కాదని నాకు తెలుసు.

వేలు పెట్టమంటే ముందు మాట పెడతాడు.
"ఇదీ ఒక పింఛనేనా మే?
పింఛనంటే మాది.
జమ్మలమడుగు ఖజానాలో
నెలకు నలభై రెండు రూపాయల పదణాలు,
కుంపిణీ రాసిచ్చిన తస్తీకు.
మా నాయన పోతే తాసిల్దారు లేచి నిలబడేవాడు.
కిల్బీ దొర జమాబందికొస్తే మాకు కుర్చీ.
ఉత్త కుర్చీ కాదు, చేతుల కుర్చీ."

ఆ కుర్చీ ఇంకా ఉంది.
ఒక చెయ్యి విరిగింది. మందుల డబ్బా దాని మీదే.
పైన గోడకు ఫోటో:
డేరా, తుపాకీ, చచ్చిన చిరుత,
దొర పక్కన జరీ తలపాగాలో వాళ్ళ నాయన.
చట్రం అంచున సగం తెగిన మనిషొకడు
గుర్రం కళ్ళెం పట్టుకొని.
ఆ సగం వాళ్ళ నాయనేనంటుంది మా అవ్వ.

"వాళ్ళుంటేనా!
ముద్దనూరుకు రైలు తెచ్చింది వాళ్ళు.
మాటంటే మాట.
ఇప్పుడో, ఓటడిగేటోళ్ళు
చెప్పులతోనే నా అరుగెక్కుతున్నారు."
నా చెప్పులు నా కాళ్ళకే ఉన్నాయి.
నేను కిందికి చూడలేదు. ఆయనా చూడలేదు.

ఆయన చూసిన దొరతనం పదేళ్ళు,
అందులో నాలుగేళ్ళు చంకలోనే.
మిగతాదంతా వాళ్ళ నాయన చెప్పుకున్న మాటలు.
పొలాలు అమ్ముడుపోయినా
అవి మటుకు చేతికొచ్చినాయి.

ఒకసారి అడిగినా,
"నాయనా, మరి కోట కూల్చిందెవరు?"

బురుజు దిక్కు చానాసేపు చూసినాడు.
ముత్తాతకు ముత్తాత కప్పం కట్టనన్నాడంట.
ఫిరంగులు పెన్న దాటినాయంట.
మూడోనాటికి తలుపు పడింది.
కందకం మా వాళ్ళతోనే పూడ్పించినారు.
ఆ మనిషిని గుత్తి కొండెక్కించి
మళ్ళీ దించలేదు.
పసిబిడ్డకు మటుకు తస్తీకు రాసిచ్చినారు,
నోరు మెదపనంత కాలం చెల్లేటట్టు.

"కూల్చినా, మర్యాదగా కూల్చినారు మే"
అన్నాడు చివరికి.

వేలు పెట్టినాడు. పడలేదు.
తుడిచి పెట్టినాడు. పడలేదు.
"మా ఇంట్లో వేలిముద్ర అలవాటు లేదు మే,
సంతకమే. వేలిముద్రలు మీవి."
నిజమే.
మా గుర్రప్ప తాత బొటనవేలు
ఈ ఇంటి ఇనప్పెట్టెలో
పదహారు కాగితాల మీద ఉందంట.

ఇంక కన్నే గతి.
గడ్డం కింద చెయ్యి పెట్టి మొగం పైకెత్తినా.
మా వంశంలో ఈ గడ్డాన్ని తాకిన చెయ్యి
ఇదే మొదటిదేమో.
శుక్లం కమ్మిన కన్ను
కోడిగుడ్డంత చేసి నిలబెట్టినాడు పాపం,
నీళ్ళు కారేదాకా.
మిషను కుయ్యిమంది.

ఎనిమిది ఐదొందల నోట్లు.
రెండుసార్లు లెక్కపెట్టుకొని
గొంతు తగ్గించి అడిగినాడు:
"వచ్చే నెల నుంచి కొందరివి తీసేస్తారంటనే?"
"నీ పేరుందిలే నాయనా."
"కాగితమేదీ?"
"కాగితాలు లేవు, అంతా ఫోన్లోనే."
"కాగితం లేని పింఛనేం పింఛను?"

నోటుబుక్కులో పేజీ చించి రాసిచ్చినా:
కొండప నాయనివారికి, నాలుగు వేలు, తేదీ,
కింద నా సంతకం.
అద్దాలు పెట్టుకొని
తన పేరు చదివినాడు, రొక్కం చదివినాడు,
సంతకం దాకా రాకముందే మడిచి
ఫోటో వెనక దోపినాడు.

బండి మా సందులోకి తిప్పినా.
తర్వాత మా అవ్వది.
కంకర కొట్టిన చేతులు,
ఆమె వేలు కూడా పడదు.