పేరు లేని సీసాలు

రాత్రి రెండింటికి, పద్మారావునగర్ మందుల షాపులో
షట్టర్ సగం దించి
పగిలిన ఫోన్‌లో నేలమాళిగలు దిగుతుంటాను.
తొమ్మిదో అంతస్తు. ప్రాణం పదకొండు.
ఎదురుగా మూడు తోడేళ్లు
ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగి ఉన్నాయి.
నేను అడుగేస్తేనే అవి అడుగేస్తాయి,
ఈ ఆటకున్న మర్యాద అదొక్కటే.

"నడిమిట్ల నిలబడకు అక్కా,
ఎనిమిది దిక్కులకెల్లి కొరుకుతయ్.
దర్వాజల నిలబడు. ఒక్కటే మూతి, ఒక్కటే కాటు."
నేర్పింది సైదులు, మందుల డబ్బాలు మోసుకొచ్చే పిల్లగాడు.
చిలకలగూడ గల్లీలో కుక్కలు తరిమిన రాత్రి
రెండు గోడల మధ్య బండి అడ్డం పెట్టి
ఒక్కోదాన్నే అదిలించి వచ్చాడు,
పిక్క మీద ఒకే ఒక్క గాటుతో.

నా సంచిలో పేరు లేని సీసాలు ఏడు.
ఊదా రంగుది ఒకటి, బురద రంగువి రెండు,
కదిపితే బుసకొట్టేది ఇంకొకటి...
పన్నెండేళ్లుగా డాక్టర్ల కోడిగీతలు చదివి
గోళీ తీసిచ్చేదాన్ని,
లేబుల్ లేనిది తాగాలంటే నాకు చెయ్యి రాదు.
"పానం నిండుగున్నప్పుడే తాగి చూడాలె,
ఇసమైనా తట్టుకుంటవ్.
ఆఖరి గడియల తాగితే అది మందు కాదక్కా, మొక్కు."

షట్టర్ కింద తడిసిన చెప్పులు.
గాంధీ ఆస్పత్రి చీటీ, అంచు నలిగింది.
నాలుగు షాపులు తిరిగాడట.
ఫ్రిజ్ అడుగున ఒక్క ఇంజక్షన్ ఉంది.
మూడు వందల అరవై తక్కువ. రేపియ్యమన్నాను.
ఐస్ ముక్కల కవర్ గుండెకు అదుముకుని
రోడ్డు దాటేటప్పుడు ఇటూ అటూ చూడలేదు.
అక్కడ ఎవరి వంతు కోసమూ ఏదీ ఆగదు.

తిరిగొచ్చేసరికి తోడేళ్లు అలాగే ఉన్నాయి.
గుమ్మంలోకి వెనక్కి జరిగాను.
ఒకటి పడింది. రెండోదీ.
మూడోదాని వెనక చీకట్లో
విలుకాడున్నాడని లెక్కలో లేదు.

చచ్చాక ఆట పేర్లు చెబుతుంది.
ఊదాది గాయాలు మాన్పేది.
బురదవి రెండూ అవే.

తెల్లారి సైదులు స్క్రీన్ చూసి ఏమీ అనలేదు.
గడువు దాటిన స్ట్రిప్పులు ఏరి
అట్టపెట్టెలో వేస్తున్నాడు, టకటకా.

మొదటి అంతస్తు. ప్రాణం ఇరవై.
దొరికిన మొదటి సీసా అక్కడే నిలబడి తాగేశాను.
కళ్లు పోయాయి, నలభై వంతుల దాకా.
గోడ తడుముకుంటూ
గుమ్మం వెతుక్కుంటున్నాను.