కుడివైపు ఇంచున్నర

చిరాగ్ అలీ లేన్‌ల మెట్ల కింద నా దుకాణం.
మూడడుగుల బల్ల, ఒక మిషన్,
వానొస్తే లోపలికి జరిగే స్టూలు.

ఎండాకాలం, పట్టపగలు,
అంగీ బయటికేసుకున్న మనిషొకడొచ్చి
రెండు షర్ట్‌లు కుట్టాలె అన్నడు.
టేపు నడుము చుట్టూ తిప్పబోతే
నా మణికట్టు పట్టి ఆపిండు.
"పైలం, ఆడ సామానున్నది."

సామాను. గంతే.
ఆ తర్వాత పదకొండేండ్లల్ల
దాన్ని ఇంకో పేరుతోని మేం పిల్వనే లేదు.

మైసయ్య. ఏఆర్ కానిస్టేబుల్. పరిగి దిక్కు ఊరు.
ఒక ఎమ్మెల్యే ఎనక తిరిగే నౌకరి.
యూనిఫారం వద్దన్నరట,
జనం బెదురుతున్నరట,
ఉన్నది ఉండాలె, ఉన్నట్టు కొడ్తె ఓట్లు పోతయట.

మా ఉస్తాద్ ఖుద్దూస్ సాబ్
గూని వీపుకు కుట్టిండు,
ఒక భుజం జారినోనికి కుట్టిండు,
ఐదో నెల పడ్డ పెండ్లిపిల్లకు కుట్టిండు.
ఎవ్వరి కొలత ఎవ్వరికీ చెప్పలే.
బట్ట అబద్ధమాడాలంటె
దర్జీకి ముందుగాల నిజం చెప్పాలె, అనేటోడు.

మైసయ్యకు తెల్ల పాలిస్టర్ వద్దన్న,
చెమటకు అంటుకపోతది.
గీతలు అసలే వద్దన్న.
గీత వంగిందంటె చాడీ చెప్పినట్టే.
ముదురు రంగు, సన్న గళ్ళు,
కింద అంచు గుండ్రం గాదు, సాపు.
కుడివైపు ఇంచున్నర వదులు.
లోపల నల్ల అస్తరు, చెమటకు తుప్పు మరక పడ్తె కానరాకుండ.

ట్రయల్ రోజు వంగుమన్న, వంగిండు.
బూటు లేసు కట్టుమన్న.
ఎనిమిదో నంబరు బస్సుల రాడ్డు పట్టినట్టు
చెయ్యెత్తుమన్న.
అంగీ లేచింది. ఏం కానరాలే.
అప్పుడు నవ్విండు, మొదటిసారి.

ఒకసారి చాయ్ తాగుకుంట అన్నడు:
"మా నవనీతకు ఆరేండ్లు.
ఇంటికి పోంగనే ఉరికొస్తది.
ఎడమ దిక్కే ఎత్తుకుంట.
కుడి దిక్కు వస్తె తిట్టిన ఒకసారి.
మల్ల రాలే."
చాయ్‌ల ఈగ పడ్డది. పారబోసిండు.
నేను ఇంకోటి చెప్పిన.

ఎలక్షన్లొచ్చినయ్, పోయినయ్.
అయన ఓడిండు, ఇంకొకాయన గెలిచిండు,
ఆయన గూడ ఓడిండు.
మైసయ్య పొట్ట రెండింతలు పెరిగింది, నేను పుస్తకంల రాసుకున్న,
కుడివైపు లెక్క మాత్రం మార్వలే.

మొన్న శ్రావణంల వచ్చిండు.
"సామాను జమ జేసిన.
ఇగ పేట్ల బురుజుల కుర్చీల కూసునే పని."
వేలితోని చూపిచ్చిండు, తెల్ల బట్ట,
నీలం గీతలది,
పదకొండేండ్లు నేను వద్దన్నది.
బిడ్డను కాలేజీల చేర్పియ్యాలె, ఫిట్టింగ్ గట్టిగుండాలె అన్నడు.

కత్తెర వినలే.
కట్ చేసినంక చూస్కుంటె
కుడివైపు ఇంచున్నర అట్లనే ఉన్నది.
నా చెయ్యి చేసిన తప్పు, నేనే విప్పిన,
దగ్గరికి లాగి మల్ల కుట్టిన.

ఏసుకొని అద్దం ముంగట నిలబడ్డడు.
ఎడమ చెయ్యి ఒంటికి ఆనుకున్నది.
కుడి మోచెయ్యి జానెడు దూరంల,
బిందె పట్టుకున్నట్టు.
నడుము ఆ దిక్కే కొంచెం ఒరిగి.
నీలం గీత భుజం కాడ సక్కగ మొదలై
తుంటి కాడికొచ్చి వంగింది.
ఆడ ఏం లేదు.
నేను తడిమి చూసిన, ఏం లేదు.

"మంచిగ కుదిరిందా?" అన్నడు.
సూదులు నోట్ల పెట్టుకొని ఉన్న, తలూపిన.

"నవ్యా, లోపలికి రా, చూడు" అని పిలిచిండు.
పదిహేడేండ్ల పిల్ల,
చెప్పులు మెట్ల కాడ ఇడ్సి వచ్చింది.
దుకాణం ఇరుకు. కుడి దిక్కే జాగ ఉన్నది.
మిషన్ సందుల నుంచి ముడుచుకుంట పోయి
వాళ్ళ నాయన ఎడమ పక్క నిలబడ్డది.

కుట్టు కూలి నాలుగొందలు రాసిన.
ఎందుకో మూడొందలే తీసుకున్న.