పార బేరం

ముప్పయ్యొక్క ఏళ్లు
లింకన్‌షైర్‌లో రెండు చర్చిల చావులకి
గోతులు తవ్విన చేతులివి.
పార ఎంచుకోవడం నాకొకరు చెప్పాలా
అనుకుంటూనే వెళ్లాను అంగడికి.

కౌంటర్ వెనక పిల్ల, పేరు బ్రయనీ,
ముక్కుకి వెండి రింగు.
గోడకి వేలాడే పారలు చూపించింది.
అన్నీ నా తొడ దాకా రానివే.
"బొమ్మల పెళ్లికా ఇవి?" అన్నాను.
నవ్వలేదు.
"మీరిప్పుడు తవ్వాల్సింది ఆరడుగులు కాదు
మిస్టర్ థర్ల్‌బీ, జానెడు."
నా పని ఈ పిల్లకెవరు చెప్పారో.

ఒకదానికి అంచున పళ్లున్నాయి,
వేళ్లు కోస్తాయట.
నాణెం మీద రాజుగారి ముక్కు తెగితే
అతికించేదెవరు?
ఇంకోటి మడిచి సంచిలో పెట్టుకునేది.
మడతల్ని నేను నమ్మను.
మా ఎడిత్ కొన్న మడతకుర్చీ
నా చిటికెన వేలి గోరు తీసుకుపోయింది.
తేలికదీ చౌకదీ చూసి కొన్నాను,
పిల్ల పెదవి విరవడం చూసి కూడా.

అక్టోబరు. వానకి తడిసిన బంకమట్టి.
రెండో ఆదివారం చెకుముకి రాయి తగిలి
నూనెలో అప్పడంలా ముడుచుకుంది.
గేటు మీద మోచేతులాన్చి
రైతు స్క్రిమ్‌షా చాలాసేపు నవ్వాడు.
ఆయన షరతు ఒక్కటే:
"నా ఆవు కాలు పడే గుంట ఒక్కటి మిగిలినా
ఈ గేటు మళ్లీ తియ్యను."

మళ్లీ అంగడి.
ఈసారి నోరు మూసుకుని విన్నాను.
మెడ చుట్టూ తిరిగొచ్చిన అతుకు,
బూటు ఆనేంత వెడల్పు భుజం,
రెండు చేతులకీ అందే అడ్డపిడి.
"మూడు పక్కలు కొయ్యండి, నాలుగోది వదిలేయండి.
పచ్చిక పుస్తకం అట్టలా లేస్తుంది,
మూస్తే గడ్డికే తెలియదు."
మూయడం గురించి నాకు!
నేను మూసినవన్నీ
మళ్లీ తెరవకూడదని మూసినవి.
డబ్బులిచ్చాను.

లంకెబిందెలేమీ దొరకలేదు.
తూటాల ఇత్తడి టోపీలు, సగం గుర్రపునాడా,
ఏ తలుపుదో తాళంచెవి, సీసపు గుండు.
కొండను తవ్వి ఎలుకను పట్టడమే.
ఒంటిగాడికి ఎలుకైనా కబురే కదా,
కిటికీ గట్టు మీద వరసగా పెట్టుకున్నాను.

జనవరిలో, మంచు పట్టిన వాలు బీడులో
డిటెక్టర్ మెత్తగా, కింది గొంతుతో పలికింది.
మూడు పక్కలు. జానెడున్నర.
మట్టి తుడవకముందే వేళ్లు పోల్చుకున్నాయి.
అలాంటివి పట్టుకుని ఎందరిని దించానో.
శవపేటిక పిడి.
కర్ర ఎప్పుడో నల్లటి గీతై మట్టిలో కలిసింది.
వానలు ఏళ్లకేళ్లు వాలుని గీకి గీకి
అడుగునున్న మనిషిని ఇంత పైకి తెచ్చాయి.
ఇక్కడ గోపురం లేదు, రాయి లేదు,
ఊరుండేదని స్క్రిమ్‌షాకీ తెలియదు.

డిటెక్టర్ కట్టేశాను. టోపీ తీశాను.
చలికి చెవులు మండాయి.
ప్రార్థన మొదటి ముక్క గుర్తొచ్చింది,
మిగతాది ఎప్పుడూ ఫాదరు పని.
రేపు ఆయనకి చెప్పాలి.
పిడిని ఉన్నచోటే ఉంచి
పచ్చిక అట్ట మూశాను, బూటుతో అదిమాను,
ఫ్లాస్కులో మిగిలిన టీ
అంచుల వెంట పోశాను, మట్టి సర్దుకోవాలని.

గేటు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే
ఎక్కడో నాకే తెలియలేదు.
అడుగులు లెక్కపెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

"ఏమైనా దొరికిందా?" అన్నాడు స్క్రిమ్‌షా.
పార బాగుంది, అన్నాను.