సరంగు కోసం

నరసాపురం లాడ్జిలో పదిహేడో నంబరు గదికి
ఇద్దరు దిగారు. ఆమెకి రెండు లాప్‌టాప్‌లు,
ఆయనకి విడవని పొడిదగ్గు.
తెలుగు తిప్పి చెప్పడానికి నన్ను కుదుర్చుకున్నారు,
రోజుకి పన్నెండు వందలు, భోజనం వాళ్ళదే.

వెతుకుతున్నది మనిషిని కాదు,
మనిషి తొడుక్కున్న పేరుని.
గవ్వ అని ఒక నాణెం, చేతికి దొరకదు, జేబులో మోగదు.
దాన్ని కనిపెట్టి, కింద "సరంగు" అని సంతకం పెట్టి,
పదకొండేళ్ళ కిందట నోరు మూసుకున్నాడు.
వాడి మొదటి పెట్టెలో పది లక్షల గవ్వలు,
ఇవాళ్టికీ ఒక్కటి కదల్లేదట.
"ఇంత డబ్బు మీద కూర్చుని ఎవరైనా ఊరుకుంటారా?"
అడిగాడాయన, అన్నం కలుపుతూ.
పులుసు వడ్డిస్తున్న కుర్రాడు అడక్కుండానే
"ఉంటారండీ ఆయ్" అన్నాడు.
అది తిప్పి చెప్పమని నన్నెవరూ అడగలేదు.

ఇక్కడికే ఎందుకొచ్చారో ఆమె గీతలు గీసి చూపించింది.
సరంగు రాసిన ప్రతి వరుసకీ వేళ ఉంది.
ఎండాకాలం రెండు నుంచి నాలుగు దాకా ఖాళీ:
అది కోత అని మనకి తెలుసు.
ఒక ఆగస్టులో తొమ్మిది రోజులు ఉలుకూ పలుకూ లేదు:
ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక దాటి
లంకల్లోని గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలుకొచ్చిన రోజులవి.
ప్రోగ్రాములో ఒకచోట తాళం అనాల్సినచోట లాకు అని రాసి
పక్కన చిన్నగా,
"తలుపు మూస్తేనే పడవ లేస్తుంది."

మా పెదనాన్న లాకు తలుపులు తిప్పి బతికినవాడు.
ఆ మాట చదివి కాసేపు కిటికీలోంచి చూశాను.

మూడు రోజులు తిరిగాం.
టెలిఫోను ఎక్స్ఛేంజిలో రిటైరైన నక్కా యేసుపాదం గారు
పాత మోడెములన్నీ మంచం మీద పరిచి,
"నేనే అయితే ఈ రేకుల వరండా ఉండునా?" అన్నారు.
ఆమె పుస్తకంలో రాసుకుంది: ఉండవచ్చు.
పాలిటెక్నిక్ కొప్పిశెట్టి మాస్టారు
నాలుగేళ్ళ కిందటే పోయారు. ఆయన కంప్యూటరు
రొయ్యల చెరువు షెడ్డులో మేత బస్తాల వెనక ఉంది,
ఉప్పు పట్టి, లోపల చీమలు.
మొగల్తూరు దారిలో పెన్మెత్స వారి కుర్రాడు మాత్రం
అడక్కముందే "నేనే" అన్నాడు.
రుజువు చూపించమంటే
ఏరియేటరు మోతలో వినపడనట్టు నవ్వాడు.

నాలుగో రోజు సాయంత్రం లేసు కొనాలంది.
రుస్తుంబాదలో దయామణి గారి వరండా,
పద్దెనిమిది మంది ఆడవాళ్ళు, పద్దెనిమిది కొక్కీలు, ఒక రేడియో.
కన్నులోంచి కన్ను లాగి గొలుసు, గొలుసు మీద గొలుసు.
వెనకటి కన్ను ఒకటి మార్చాలంటే
తర్వాతవన్నీ విప్పాల్సిందే.
"వెనక ఏజెంటు తూకంలో కొట్టేసేవాడు బాబూ,
పద్దులు దిద్దేసేవాడు.
అందుకని ఎవరి లెక్క వాళ్ళం రాయడం మానేసి
అందరి లెక్కా అందరం రాసుకున్నాం.
ఒక పుస్తకం దిద్దితే పదిహేడు పుస్తకాలు కాదంటాయి."
ఎవరు నేర్పారండీ ఈ పద్ధతి, అన్నాను.
ఆవిడ దారం పంటితో కొరికి
"ఎవరో. మాలోనే ఎవరో" అంది.

నోట్లో గవ్వ పెట్టుకున్నట్టయింది.
ఆమె నా వైపే చూస్తోంది, ఏమంటున్నారని.
"బల్లగుడ్డ ఎనిమిది వందలట" అన్నాను.
ఆమె ఆరు వందలకి బేరమాడి తీసుకుంది.

మర్నాడు సఖినేటిపల్లి వెళ్ళే పంటు ఎక్కారు, కారుతో సహా.
ఆయన దగ్గుతూనే
ఎక్కిన ప్రతి మొహాన్నీ ఫోటో తీశాడు.
పైన గూట్లో చుక్కాని పట్టుకున్నవాడి వైపు
ఎవరూ తల ఎత్తలేదు.
ఇప్పుడనుకుంటే, నేనూ ఎత్తలేదు.

నాకు మూడు రోజుల డబ్బులే ముట్టాయి.
నాలుగో రోజుది ఇంకా బాకీ.