చీలమండ

ఏసుపాదం పట్టు ఎట్లాంటిదో
సంగడిగుంటలో ఎవరినన్నా అడగండి, నన్ను చూపిస్తారు.
ముసురు పట్టిందంటే చాలు
నా కుడి చీలమండ వాడి పేరు తలుచుకుంటుంది.

తెల్లారగట్ల యార్డులో టిక్కీలు మోసి
ఆ ఘాటుతోనే వచ్చేవాడు ప్రాక్టీసుకి.
సబ్బుతో కడిగాడు, మజ్జిగతో కడిగాడు,
ఆ చేతులు చల్లారలేదు.
వాడు పట్టిన కాలు రాత్రంతా మండేది.
నర్సరావుపేట టోర్నమెంటులో ఒక రైడరు
ఏకంగా ఫిర్యాదు చేశాడు.
రిఫరీ వాడి అరచేతులు వాసన చూసి
మూడుసార్లు తుమ్మి
ఆట కానివ్వమన్నాడు.

కుడి మూల వాడిది.
కూత పెట్టుకుంటూ వచ్చేవాడి మొహం
ఎప్పుడూ చూసేవాడు కాదు.
"కళ్లు అబద్ధమాడతాయి బావా,
మడమకి చేతకాదు."
మడమ లేచిందా,
అప్పటికే వాడు నేల మీద ఉండేవాడు.

లీగు వేలం నాడు
కమీషన్ కొట్లో టీవీ ముందు పాతికమందిమి,
కాటా పక్కన, గోతాల మీద.
వాడి పేరొచ్చింది. ఇంటిపేరు తప్పు చదివారు.
తెర మీద ఫొటో ఎంతసేపుందంటే
మూడు లెక్కపెట్టేంత.
ఒక్క బల్ల దగ్గరా చెయ్యి లేవలేదు.
అన్‌సోల్డ్.

యార్డులో తాలుకాయకీ ఓ ధర ఉంటుంది.
రంగు పోయింది, మచ్చ పడింది, వానకి తడిసింది,
పొద్దుగూకేలోపు ఎవడో ఒకడు ఎత్తుకుపోతాడు.
ఈ మాట ఎవరూ పైకనలేదు.
ఏసుపాదం లేచి లుంగీ ఎగ్గట్టి
"లారీ వచ్చినట్టుంది" అని బయటికి పోయాడు.
లారీ రాలేదు.

ఐదువారాలకి ఎవడిదో మోకాలు పోయింది.
ఎవడిదో మోకాలు పోతేగాని తెరవని తలుపది.
రాత్రికి రాత్రి జనరల్ బోగీ ఎక్కించాం.
బ్యాగు లేదు,
మా చెల్లెలు సువార్త కాలేజీ సంచిలో రెండు జతలు.

ఐదు సీజన్లు. మూడు జట్లు.
వేలంలో ఒక్కసారీ అమ్ముడుపోలేదు,
ప్రతిసారీ ఎవడి బదులో.
కెమెరా రైడరు వెంట పోతుంది కదా,
మాకు వాడు వీపుగా తెలుసు,
మనుషుల గుట్ట కింద నలిగే మోచెయ్యిగా తెలుసు.
"అడుగున ఉన్నది ఆయనే" అని
సువార్త టీవీ అద్దం మీద వేలు పెట్టి చూపించేది.
పెళ్లయ్యాక కూడా అట్లానే చూపించేది.

ఒక్కరాత్రి మాత్రం.
ఇంకా పదకొండు సెకన్లు, ఒక్క పాయింటు తేడా,
వచ్చినవాడి కాలు ఖరీదు కోటీ ముప్పై లక్షలు.
ఆ కాలు వాడి చేతికి చిక్కింది.
లాగాడు, తన్నాడు, గీత వైపు ఈడ్చుకుపోయాడు,
వాడు వదల్లేదు.
జారిన టిక్కీ ఎక్కడ పడుతుందో
మోసినవాడికి తెలుసు.
మర్నాడు పేపర్లో ఫొటో ఉంది,
ఆ రైడరుది.

మొత్తం నూట నలభై ఒక్క పాయింట్లు.
రికార్డేం కాదు.
కరెంటు బిల్లుల వెనకాల నేను రాసుకున్న లెక్క.

భుజం రెండుసార్లు జారింది.
ఫోన్‌లో రెండు లైన్లు, హిందీలో.
నాచేత చదివించుకుని
"బానే రాశారు" అన్నాడు.

ఇప్పుడు ఎడం భుజం మీదే మోత.
సాయంత్రాలు ఏటుకూరు రోడ్డు వెనక బీడులో
పిల్లల ముందు మోకాళ్ల మీద కూర్చుని
వాళ్ల మడమలు చూస్తుంటాడు.

మొన్న పవిత్ర గురువారం
చర్చిలో పన్నెండు కుర్చీలు వేశారు.
ఏడో కుర్చీ మనవాడిది.
ఫాదర్ వంగి చీలమండ పట్టుకున్నారో లేదో
కాలు చప్పున వెనక్కి లాగేశాడు.
పళ్లెం ఒలికింది, పిల్లలు కిసుక్కున నవ్వారు.
వాడు నేలంతా చూస్తున్నాడు,
గీత ఎక్కడుందో అన్నట్టు.

ఫాదర్ చెయ్యి చాపే ఉంచారు.
చాలాసేపటికి
ఆ కాలు దానంతటదే ముందుకొచ్చింది.
పట్టుకుని, కడిగి,
తుడవబోతూ
ఫాదర్ తుమ్మారు.