నిండితే కదులు

కుతాయిసి వ్యాన్ల స్టాండులో
పదిహేడేళ్లుగా టికెట్లు చింపుతున్నదాన్ని.
యాభై మూడో ఏట బుద్ధి పుట్టింది,
కంప్యూటర్‌కి నాలుగు మాటలు చెప్పాలని.
ఏ భాషతో మొదలెట్టను అని అడిగానో లేదో
స్టాండంతా పంతుళ్లే.

బతూమి డ్రైవర్ వాజా కొడుకు పైథాన్ అన్నాడు,
మంచినీళ్లు తాగినంత సులువట.
లామారా అల్లుడు బ్యాంకు ఉద్యోగి,
జావా రాకపోతే జీతం రాదన్నాడు.
మూతపడ్డ లారీల ఫ్యాక్టరీ ఇంజనీరు వలేరియన్
దగ్గు ఆపుకుని, "సి" అన్నాడు.
పునాది లేకుండా మేడ కడతావా త్సియాలా, అన్నాడు.

ముగ్గురూ నా బల్ల మీదే టీ తాగారు.
దానితో నువ్వేం చెప్పదలిచావని
ఒక్కరూ అడగలేదు.

చెప్పదలిచింది చిన్నదే.
జుగ్దీది బండికి పద్దెనిమిది సీట్లు.
నిండేదాకా ఆగు. నిండితే కదులు.
మంచు పడే రోజు పదకొండుమందికే పంపెయ్యి,
చంటిపిల్ల ఉంటే తొమ్మిదికే.
ఈ లెక్క నా తలలో తప్ప
ఎక్కడా రాసి లేదు.
మార్చిలో నా మోకాలికి ఆపరేషన్.

మొదటి రాత్రి, వాజా కొడుకు ఇచ్చిన పాత ల్యాప్‌టాప్.
మా లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అని రెండుండవు.
పరాయి లిపి కదా, పెద్దక్షరంతో మొదలెడితే
మర్యాదగా ఉంటుందనుకున్నాను.
ఒప్పుకోలేదు.
ఎర్రగా నాలుగు ముక్కలు విసిరి
రెండో వరుస, అంది.
చూస్తే నిజమే, రెండో వరుసే.

చాలాసేపు తెర వంక చూస్తూ కూర్చున్నాను.
పదిహేడేళ్లలో ఏ మేనేజరూ
తప్పు ఎక్కడుందో ఇలా వేలు పెట్టి చూపలేదు.
అంతా తప్పే అని, తలుపు ధడాలున వేసి పోయేవాళ్లు.
ఇంకో భాష ఊసెత్తలేదు ఆ తర్వాత.

నేను గెలిచానని వాజా కొడుకు
స్టాండంతా చాటుకున్నాడు. చాటుకోనీ.

ఇవాళ పొద్దున్నుంచీ మంచు.
జుగ్దీది బండిలో పదకొండోవాడు ఎక్కి కూర్చున్నాడు.
తెర మీద పడింది, నేను నేర్పిన మాట:
కదులు.
డ్రైవర్ తాళం తిప్పాడు.
గేటు అవతల, చక్రం ఊడిన పెట్టె ఈడ్చుకుంటూ
ఎవరో ఒకామె పరుగెత్తుకొస్తోంది.

చెయ్యెత్తి ఆపాను.

దీన్నెలా రాయాలో
వలేరియన్ని అడగాలి.